ఆటలో అమ్మ పిలుపు

వంటింటి పక్క గదిలో అక్కాచెల్లెళ్లు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. చెల్లెలు ముచ్చటపడి రాసిన ఆట బ్రౌజర్లో మూగబోయింది.

"అమ్మ పిలుపు రికార్డు చేసి పెట్టానక్కా. నా కంప్యూటర్లో బాగానే పలుకుతోంది. వెబ్‌కి మార్చగానే ఫైలు దొరకలేదంటోంది."

"ఫైలుని ఆటలోనే కలిపి కట్టావా?"

"కట్టాను. మూడుసార్లు చూసుకున్నాను."

"మరి నీ కోడ్ దాన్నెక్కడ వెతుకుతోంది?"

"నా డెస్క్‌టాప్ ఫోల్డర్లో... అయ్యో!"

"బ్రౌజర్‌కి నీ డెస్క్‌టాప్ ఏం తెలుసే? పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికిస్తున్నావు."

చెల్లెలు నాలుక కరుచుకుని, ఫైలు దారి సరిచేసి, మళ్లీ కంపైల్ చేసి వెబ్‌కి మార్చింది. ఆట తెరుచుకుంది.

"భోజనానికి రండే, చల్లారిపోతోంది!"

వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా తొంగిచూసింది.

"కూర ఇంకా ఉడకనేలేదు, అప్పుడే పిలిచానా నేను?"