ప్రవక్త గారి మాత్రలు

అది కాదండీ డాక్టరమ్మగారూ, మనిషి ఒకడే కదా, జబ్బుకో చీటీ ఎందుకండీ? మీరేమో రెండు జబ్బులూ ఒకేసారి చూస్తామంటారు. చీటీలిచ్చే కిటికీలో ఆవిడేమో "తాగుడుకా, మతికా? ఏదో ఒకటి చెప్పమ్మా, వెనకాల జనం ఉన్నారు" అంటుంది. మా ఆయనకి రెండూ ఉన్నాయమ్మా అంటే, ఏది ముందొచ్చిందో అది రాయించుకోమంది. నాకేం తెలుసండీ? పెళ్ళినాటికే రెండూ ఉన్నాయేమో, మా మావయ్య చెప్పలేదు!

కూర్చుంటానండీ, కూర్చుంటాను. మాత్రలు సరిగ్గా వేస్తున్నామా అనేగా? చెప్తున్నా కదా.

మాది దివిసీమండీ, అవనిగడ్డ దాటి లోపలికి. ముందు గుడివాడ తీసుకెళ్ళాను, తాగుడు మాన్పించే సెంటరుకి. మూడో రోజుకే ఫోను. "మీ సాల్మన్ రాజు కిటికీతో మాట్లాడుతున్నాడమ్మా, మిగతావాళ్ళు జడుసుకుంటున్నారు, చెవిలో వినబడే ఆ గొంతులేవో తగ్గించుకుని తీసుకురండి" అని. సరేనని ఇదే బందరులో ఇంకో డాక్టరు గారికి చూపిస్తే, ఆయన వాసన చూసి, ముందు తాగుడు మాన్పించి రమ్మన్నారు. మళ్ళీ గుడివాడ. మళ్ళీ బందరు. చివరికి బస్సు కండక్టరు కూడా "ఇవాళ ఏ జబ్బుకి బావా?" అని అడగడం మొదలెట్టాడండీ!

గొంతు ఏం చెప్తుందంటారా? అయ్యో, పెద్ద సంగతులేం కాదు. మేత ఆపెయ్, ఏరియేటర్ తిప్పు, నీళ్ళు మార్చు. ఆయన రొయ్యల చెరువు కాపలా చేసేవాడులెండి, ఏరియేటరంటే ఆ నీళ్ళకి గాలి పట్టించే మిషను. ఆయన కాపలా మానేసినా ఆ గొంతు మాత్రం డ్యూటీ మానలేదు. దాని నోరు మూయించడానికే తాగేవాడు.

ఓ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్తున్నారు. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్తారు కదండీ, అదన్నమాట. మా ఆయన లేచాడు. "నాకు గొంతు వినబడుతోంది. శ్రీనివాసరావు గారి చెరువులో రొయ్యలు ఈ వారమే పట్టెయ్యమంటోంది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరో ఆ మాట శ్రీనివాసరావు గారికి చేరేశారు. ఆయన హిందువు. అయినా పట్టేశాడండీ! రెండు రోజులు తిరక్కుండా చుట్టుపక్కల చెరువులన్నిటికీ వైట్ స్పాట్ జబ్బొచ్చి రొయ్యలన్నీ చచ్చాయి. ఇంకేముంది, మా ఆయన ప్రవక్త అయిపోయాడు.

నవ్వండి, నవ్వండి. మా గుమ్మంలో చెప్పులు పట్టేవి కావు. మేత ఏజెంట్లు కూడా వచ్చి మోకరించారు. సంఘ పెద్దలేమో "ప్రవక్తలు తాగకూడదు సాల్మన్ రాజు గారూ" అన్నారు. మానేశాడండీ! పదిహేనేళ్ళు నేను కాళ్ళు పట్టుకున్నా మానని మనిషి.

మానేశాడు కదాని ఆ బందరు డాక్టరు గారు మాత్రలు రాశారు. నెల తిరిగేసరికి గొంతు పోయింది. కడుపునిండా తిన్నాడు, కంటినిండా నిద్రపోయాడు, మా అమ్మాయి బ్లెస్సీతో క్యారమ్స్ ఆడాడు. జనం వచ్చి అడిగితే "ఏమీ వినబడట్లేదండీ, హాయిగా ఉంది" అని నవ్వేవాడు. పాస్టరు గారు మంచివారు. "మందులు ఆపొద్దమ్మా, ఇదే దేవుడు చేసిన మేలు" అన్నారు. జనానికి అది చాలుతుందా? మెల్లిగా రావడం మానేశారు.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి చెరువులోకి దిగమంది. పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డాడండీ. రొయ్యల వల వేసి లాగారు మనిషిని. వాళ్ళు లాగుతుంటే గట్టు మీద శ్రీనివాసరావు గారు, "తొక్కకయ్యా, రొయ్యపిల్ల నిన్ననే వదిలాం" అని కేకలు! ఆ గొంతుకి జడిసి మళ్ళీ సీసా పట్టాడు. ఇదుగో, ఇలా మీ దగ్గరికి తెచ్చాను.

ఏవిటండీ రాస్తున్నారు? ఆ మాత్ర పనిచెయ్యలేదు కాబట్టి పెద్ద మందా? ఇంకా గట్టిదా? ఆగండమ్మా. రాయకండి.

మాత్ర పనిచేసింది. నేనే ఆపేశాను.

ఆయనకి తెలీదండీ. అన్నం తిని చెయ్యి చాపేవాడు, నేను ఆ మాత్రలాగే కనబడే బలం మాత్ర పెట్టేదాన్ని. ఆరు వారాలు.

ఎందుకంటే ఏం చెప్పనండీ. ఆయన ప్రవక్తగా ఉన్నన్నాళ్ళూ చర్చిలో నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. అంతకుముందు తాగుబోతు పెళ్ళాన్ని, గుమ్మం పక్కన కూచునేదాన్ని. "కృపావతమ్మగారూ, అయ్యగారితో మా మాట ఒకటి చెప్పండి" అని పెద్ద పెద్దవాళ్ళు అడిగేవారండీ నన్ను. ఆయనకి నయమయ్యాక ఆ కుర్చీ తీసేశారు. మామూలు మనిషి పెళ్ళానికి కుర్చీ ఎవరేస్తారు?

సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా. వలలోంచి బయటికి తీశాక, వణుకుతూ నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? "మాత్ర వేసుకోవడం మర్చిపోయానేమో కృపా" అన్నాడు.

ఆ పాత మాత్రే రాయండి. ఆయన్ని చేర్చుకోండి. ఇంటికి పంపేటప్పుడు మాత్రం మందులు నా చేతికివ్వకండి, బ్లెస్సీకివ్వండి. ఒట్టేసి చెప్పమంటారా? వద్దండీ. ఆదివారం వస్తే నా మీద నాకే నమ్మకం లేదు.