హర్షిణి దిక్కు మాట్లాడే తాత

టమాట పిరమైతే నన్నడుగుతరు మేడం. ఉల్లిగడ్డ పిరమైతే నన్నడుగుతరు. నేనేదో గోదాముల పోసి తాళమేసినట్టు! బీయే ఎకనామిక్స్ చదివిన పాపానికి గీ ఖానాపూర్‌ల యాభై ఏండ్ల సంది నాకు ఇదే బాధ. మొన్న ఛాయ్ హోటల్ కాడ మొండయ్య ఏమన్నడో ఎరుకేనా? "బుచ్చిరాములూ, బంగారం గింత పిరమెందుకైందో చెప్పరాదు, నువ్వు చదివింది గదే చదువు గదా" అన్నడు, నలుగురిల. నాకేం తెలుసు? నా ఇంట్ల ఉన్న బంగారమంతా మా ఇంటామె లస్మవ్వ ముక్కుకున్నది. అది పెరిగినా తగ్గినా ముక్కు గంతనే ఉన్నది.

కూసోన్రి మేడం, కూసోన్రి. జర ఫ్యాన్ కిందికి జరుగున్రి. నిర్మల్ నుంచి గీ ఎండల బస్సుకు పడి వచ్చిన్రు. గా కాయితాలు సంచిల పెట్టుకోన్రి, ఎగిరిపోతయి.

అయినా లెక్చరర్ అయ్యుండి పిల్లల కోసం ఇల్లిల్లు తిరుగుడేంది? మా కాలంల సీటు కోసం మేము తిరిగినం. సార్లు తలుపు గూడ తీయకపోదురు.

ఏమన్నరు? పిల్లలు చాలకుంటే ఎకనామిక్స్ సెక్షనే ఎత్తేస్తరా? అయ్యో! అంటే డిమాండు లేకుంటే సరుకు పోతదని మీరు చెప్పే పాఠం మీ మీదికే తిరిగింది గదా. నవ్వకున్రి... సరే, నవ్వున్రి. నేను గూడ నవ్వే వయసుల నవ్వక ఇప్పుడు నవ్వుతున్న.

మా హర్షిణి ఫోన్ చేసిందటగదా మీకు? మీ కాలేజి కరపత్రం మీద మీ నంబరుండె, గది చూసి చేసింది. ఏమన్నది? "మా తాత నా దిక్కే ఉన్నడు, మా బాపే ఒప్పుకుంటలేడు, మీరొచ్చి తాతకు జర బలమియ్యున్రి" అన్నదా? గట్లనే అన్నదా, గవ్వే మాటలా?

మంచిది. మంచిగనే అన్నది.

లస్మవ్వా! మేడంకు ఛాయ్ పెడుతున్నవా? ఇగో చూడున్రి, "చేతులు ఖాళీ లేవు" అంటది. బీడీలు చేస్తది మేడం. ఒళ్ళె చాట పెట్టుకున్నదంటే దేవుడొచ్చి తలుపు కొట్టినా "జరసేపు ఆగు" అంటది.

పొల్ల ఇంట్ల లేదు. బస్టాండు కాడ నెట్ దుకాణానికి పోయింది, ఆధార్ల ఏదో తప్పు పడ్డదట. కాలేజి ఆప్షన్లు పెట్టుడు రేపటితోని ఆఖరట గదా. ఇంటర్ల సీఈసీ మేడం, మంచి మార్కులు. ఇప్పుడు ఇంట్ల ఉన్నది ఒక్కటే పంచాది. నిర్మల్‌ల మీ దగ్గర బీయే ఎకనామిక్స్ పెట్టుడా, లేకుంటే వాళ్ళ బాపు చెప్పినట్టు హైదరాబాదుల బీబీఏ పెట్టుడా. గింతే. ఢిల్లీల సర్కారు మారుతందుకు గూడ గింత చర్చ ఉండది.

అసలు ఆ రెండిట్ల ఫరక్ ఏందని మొండయ్య అడిగిండు. వానికి అర్థమైతందుకు నేనేం చెప్పిన్నంటే, దుకాణం ఎట్ల నడపాల్నో నేర్పేది బీబీఏ, దుకాణం ఎందుకు మూతపడ్డదో చెప్పేది ఎకనామిక్స్. వాడు నన్ను కిందికెళ్ళి మీదికి చూసి "అవు, నువ్వు చదివింది మూతపడ్డ దుకాణం చదువే, నిన్ను చూస్తనే ఎరుకైతది" అన్నడు.

తప్పేమన్న అన్నడా? అనలే. మీకు పసుపు కథ చెప్త వినున్రి.

కరీంనగర్‌ల మా కాలేజి సారు ఒకనాడు బోర్డు మీద సాలెగూడు గీసిండు. ఈ ఏడు ధర మంచిగొస్తే అందరు అదే పంట వేస్తరు. వచ్చే ఏడు సరుకు గుట్టలు పడి ధర పడిపోతది. భయపడి మానేస్తరు, మల్ల ధర లేస్తది. సాలెపురుగు లెక్క తిరుగుతనే ఉంటది. మీరూ చెప్తరు గదా గా పాఠం? నాకు గది వింటే ఒళ్ళు పులకరించింది మేడం. మా ఊరిని తీసుకపోయి బోర్డు మీద పెట్టినట్టే ఉండె.

చదువైపోయింది, నౌకరి రాలే, వచ్చి ఎవుసం పట్టిన. ఒక ఏడు మా దిక్కు పసుపుకు మస్తు ధరొచ్చింది. నాకు ఆగుతదా? వాడవాడ తిరిగి చెప్పిన. "వచ్చే ఏడు పసుపు పెట్టకున్రి, మునుగుతరు" అని. ఒగని గోడ మీద బొగ్గుతోని సాలెగూడు గూడ గీసిన. గా ఇంటామె నన్ను తిట్టుకుంట గోడ కడిగింది, గది వేరే ముచ్చట. అందరు తలకాయలూపిన్రు.

ఇగ ఇంటికొచ్చి నేనేం ఆలోచన చేసిన్నో చెప్పున్రి? మీరు చెప్పలేరు. అందరు నా మాట విన్నరు, ఎవ్వరు పసుపు పెట్టరు, ధర ఇంక లేస్తది అని, ఉన్న భూమంతా పసుపే పెట్టిన!

వాళ్ళేమనుకున్నరు? "బుచ్చిరాములు గింత తిరిగి వద్దంటుండంటే ఇందుల ఏదో లాభమున్నది" అనుకున్నరు. ఊరు ఊరంత పసుపే. ఆ ఏడు గొడ్లు గూడ పసుపుపచ్చగ కనవడ్డయి నా కండ్లకు. నేను గీసిన గూడుల అందరికన్న ముందుగాల చిక్కింది నేనే. మా లస్మవ్వ ఇప్పటికీ కూరల పసుపు వేసేటప్పుడు ఒకసారి నా దిక్కు చూసి వేస్తది.

గట్లాంటి ఇంట్ల పుట్టి గీ పొల్లకు ఎకనామిక్స్ మీద మనసెట్ల వడ్డదో నాకు సమజ్ కాలే మేడం. నేను చెప్పలే. ఒట్టు. నా పుస్తకాలు ఎప్పుడో చెదలు తిన్నయి. అవి గూడ సగం తిని ఇడిచిపెట్టినయి.

ఒకనాడు పొల్ల వాళ్ళ నానమ్మ పక్కన కూసోని బీడీ ఆకు కత్తిరిస్తుండె. కార్ఖానా నుంచి ఆకు తూకమేసి ఇస్తరు, ఇన్ని బీడీలు కావాలంటరు. ఆకు ఖరాబొస్తే బీడీలు తక్కువైతయి గదా? తక్కువైతే లస్మవ్వనే బజార్ల ఆకు కొనుక్కొచ్చి నింపాలె. మాకిది కొత్తగాదు, ఎవ్వలకు వింత గాదు. పొల్ల కత్తెర ఆపి, "తాతా, ఆకు వాళ్ళది, బీడీ వాళ్ళది. ఖరాబైన ఆకు మాత్రం నానమ్మదెట్లయింది?" అనడిగింది.

నేను నోరు తెరిచిన. డిమాండ్ అన్న, సప్లయి అన్న, మార్కెట్ అన్న. పొల్ల నన్నే చూస్తుంది. లస్మవ్వ గూడ బీడీ చుట్టుడాపి చూస్తుంది. ఆమె చెయ్యి ఆగుడు నేను పెండ్లయిన సంది చూడలే మేడం! గప్పుడు హర్షిణి ఏమన్నదంటే, "తెల్వకుంటే ఏమాయె తాతా, నేను చదువుకొని వచ్చి నీకు చెప్త" అన్నది.

గంతే. గా దినం పట్టింది ఎకనామిక్స్. నేను గూడ మురిసిపోయి, "మీ బాపుతోని నేను మాట్లాడుత, నువ్వు బేఫికర్ ఉండు" అన్న. మీసం లేదు గని ఉంటే తిప్పేటోన్ని.

ఇగో ఛాయ్ వచ్చింది. తాగున్రి మేడం. చక్కెర చాలకుంటే...

ఏంది లస్మవ్వా? గిప్పుడెందుకు గా ముచ్చట? నువ్వు లోపలికి పో. నేను చెప్తలేనా?

విన్నరు గదా మేడం. "అసలు ముచ్చట నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా" అంటుంది. మీరు గూడ గదే అడుగుతున్నరు, కరుణాకర్ ఏమన్నడని. చెప్త. నేను ఎటు తిరిగినా మీరిద్దరు కలిసి నన్ను ఆడికే తెచ్చిన్రు.

కరుణాకర్ నాకు ఒక్కడే కొడుకు. కతార్ల బిల్డింగులు కట్టే కంపెనీల పనిచేస్తడు. పగటీలి తిండి యాళ్ళకు వీడియో కాల్ చేస్తడు. గా దినం హర్షిణి ఇంట్ల లేదు. నేను అంగీ మార్చుకోని, గొంతు సవరించుకోని, "బిడ్డా, ఎకనామిక్స్ అంటే" అన్న. గంతవరకే అన్న.

"ఆగు బాపూ, ఒకటి చూపిస్త" అని ఫోన్ తిప్పిండు.

పెద్ద అద్దం. లోపల ఏసీ రూము. ఒక పిలగాడు, మెడకు కార్డు వేసుకోని, కుర్చీల కూసోని కంప్యూటర్ చూస్తుండు. "గా పిలగాడు నాకంటే మస్తు చిన్నోడు బాపూ. బీబీఏ చదివిండు. పొద్దున సంతకం పెట్టెతందుకు నేను లోపలికి పోత, గంతసేపే నాకు సల్లగాలి" అన్నడు. నవ్వుకుంట అన్నడు మేడం. ఏడ్చుకుంట అంటే తట్టుకుందును. గా అద్దంల మావోడు గూడ కనవడుతుండె, నెత్తికి తువ్వాల చుట్టుకోని, ఫోన్ పట్టుకోని, ఎండల. "హర్షిణి గా అద్దం లోపల కూసోవాలె బాపూ. ఇంకేం వద్దు నాకు" అన్నడు.

నేనేమన్న? "అవును బిడ్డా, బీబీఏనే మంచిది" అన్న.

గంతటితోని ఆగితే గూడ మనిషినే. "ఎకనామిక్స్‌ల ఏమున్నది, మన్ను. నన్ను చూస్తలేవా?" అన్న. వాడు అడగనే లేదు. అడగకున్నా అన్న. వాడు పకపక నవ్విండు. వాన్ని నవ్వించినందుకు నాకు సంతోషం గూడ అయింది, చూడున్రి నా బుద్ధి.

పొల్ల ఇంటికొచ్చి "తాతా, ఏమన్నడు?" అనడిగింది. "మస్తు కొట్లాడిన బిడ్డా. మీ బాపు వినలే, మొండోడు" అన్న.

ఆమె నన్ను తప్పు పట్టలే. నా చెయ్యి పట్టుకోని, "పరేషాన్ కాకు తాతా, నువ్వొక్కనివే ఎన్నని కొట్లాడుతవు" అన్నది. గందుకే మీకు ఫోన్ చేసింది. మీరు ఆమె కొరకు రాలేదు మేడం, నాకు తోడుకొచ్చిన్రు. చెయ్యని కొట్లాటకు!

కరుణాకర్ అడ్డం లేడు. వాడు చిన్నప్పటి సంది నా మాట తీసేసినోడు గాదు. నేను సక్కగ ఒక్క మాట చెప్తే వింటడు. అడ్డం నేనే ఉన్న, గీ కుర్చీల, మీ ముంగట.

ఎందుకు లేస్తున్నరు? కోపమొచ్చిందా? రావాలె. గని కూసోన్రి బిడ్డా, ఛాయ్ సగం గూడ తాగలే. ఇంకో జరసేపైతే వాడు ఫోన్ చేస్తడు. పొల్ల గూడ వచ్చే యాళ్ళయింది. వాడు అటు, ఆమె ఇటు, నడుమ నేను. అబద్ధం చెప్పిన్నని ఆమెకు నేనే చెప్త, గది మీరు చెప్పకున్రి. గది నా బరువు.

వానితోని గూడ మీరు మాట్లాడొద్దు. వాడు "మేడం, మేడం" అని మర్యాదకు వింటడు, ఫోన్ పెట్టేస్తడు. నేనే మాట్లాడాలె. గని ఏం మాట్లాడాలె? గా అద్దం చూసినంక నాకు వచ్చిన ఎకనామిక్స్‌ల ఒక్క మాట గూడ మిగలలే. మీరైతే గిదే చదివిన్రు. మీది మంథని అన్నరు గదా, ఆడినుంచి వచ్చి చదివిన్రు, మీ ఇంట్ల గూడ ఎవలో ఒకలు వద్దనే ఉంటరు. వాళ్ళకేం చెప్పిన్రో నాకు చెప్పున్రి.

కరపత్రంల ఉన్నది గాదు. బీయే బుచ్చిరాములుకు చెప్పినట్టు గాదు. నన్ను గా అద్దం ఇవుతల ఎండల నిలవడ్డోన్ననుకోని చెప్పున్రి బిడ్డా.

ఇగ నేను మాట్లాడ.