హెస్టర్‌కి రాయి

జార్జియాలో ఒక పల్లె కౌంటీ. జూన్ నెల, శనివారం మధ్యాహ్నం. చర్చి వెనక షెడ్డులో టార్‌ప్లీ వంశం వాళ్ళ భోజనాలు అయిపోయాయి. బల్ల చివర ఇద్దరు ముసలమ్మలు మిగిలారు. ఒకరు ఆ కౌంటీలో అందరి వంశచరిత్రలూ రాసే తెల్లావిడ ఇమోజీన్. రెండోవారు ఈ కలయికకి మొదటిసారి తనవాళ్ళను వెంటబెట్టుకొచ్చిన నల్లావిడ ఒజెల్లా.

"ఈ ఎండలో స్వెట్టరేంటి ఒజెల్లా? విప్పెయ్. చూస్తుంటే నాకు చెమట పడుతోంది."

"పర్లేదు మిస్ ఇమోజీన్. చలిగా ఉంది."

"జూన్‌లో చలేంటి?"

"ముసలి ఒళ్ళు కదండీ, దానికి నెలలు తెలీవు."

"మళ్ళీ మిస్ అంటావు. పొద్దుట్నుంచీ చెప్తున్నాను, మన ముత్తాతలకి తండ్రి ఒక్కడే, ఆ సైలస్. వరసకి అక్కచెల్లెళ్ళం. ఇమోజీన్ అను చాలు."

"నోరు తిరగదండీ. ఈ బంగాళాదుంప సలాడ్ ఎవరు చేశారు?"

"మా మరదలు."

"ఆవపిండి కాస్త ఎక్కువైంది."

"దాని చేతికి కొలతుండదులే. మాట దాటెయ్యకు. రేపు శ్మశానంలో కొత్త రాయి మీద గుడ్డ లాగాలి. నువ్వో కొస, నేనో కొస. ఒప్పుకున్నట్టేనా?"

"మావాడు డారియస్ ఉన్నాడు కదండీ. వాడైతే పొడుగ్గా..."

"డారియస్ కాదు. మీ ఇంట్లో పెద్దదానివి నువ్వు. ఇంతకీ నీ చొక్కా ఏది? మీవాళ్ళందరికీ వేయించాడుగా, నేను పంపిన వంశవృక్షం వీపు మీద అచ్చేయించి. నీకివ్వలేదా?"

"ఇచ్చాడు."

"మరేది?"

"లోపల ఉందండీ."

"స్వెట్టర్ లోపలా?"

"వాడు ముచ్చటపడి వేయించాడు. వేసుకోకపోతే చిన్నబుచ్చుకుంటాడు. వేసుకుంటేనేమో... అందరికీ కనపడుతుంది."

"కనపడితే ఏం?"

"ఆయన పేరు నా వీపు మీదండీ. సిగ్గేస్తోంది."

"సిగ్గు నీకెందుకు? పడాల్సింది నేను. నీకు చెప్పాలి ఇది. సైలస్ టార్‌ప్లీ వీలునామా ముప్ఫై ఏళ్ళ కిందే చదివాను, కోర్టు పాత కాగితాల గదిలో. ఆస్తి లెక్కలో గుర్రాల కింద, మంచాల పైన బానిసల పేర్లు రాసున్నాయి: హెస్టర్, ఆమె పిల్లలు ఐదుగురు. చదివి మడిచి పెట్టేశాను. ఆ తర్వాత మూడు పుస్తకాలు వేశాను, ఒక్కదాంట్లోనూ మీరు లేరు. రక్తసంబంధాలు తేల్చే ఉమ్మి పరీక్ష చేయించుకుని డారియస్ ఫోన్ చేస్తే, అవునా, నాకు తెలీదే అన్నాను. ఆ అబ్బాయి థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఆ థాంక్స్‌కి నా తల తీసేసినట్టయింది."

"వాడికి మర్యాదెక్కువ."

"అందుకే ఈ రాయి. నా తమ్ముళ్ళతో తెగదెంపులు చేసుకుని మరీ చెక్కించాను. చిన్నాడు ఇవాళ భోజనానికి కూడా రాలేదు, చూశావుగా."

"చూశాను. మీరు కష్టపడ్డారు, కాదనను."

"మరి?"

"రాయి మీద ఏం రాయించారో ఇంకోసారి చెప్పండి."

"సైలస్ టార్‌ప్లీ. కింద ఆయన భార్య, ఆరుగురు పిల్లలు. పక్కన హెస్టర్, జీవిత సహచరి. ఆమె కింద మీ ఐదుగురు. అందరూ ఒకే రాయి మీద."

"సహచరి."

"ఆ మాట కోసం ఎంత కొట్టుకున్నామనుకున్నావు. పనిమనిషి అని వేద్దామన్నారు మావాళ్ళు. నేను పడనివ్వలేదు."

"వీలునామాలో హెస్టర్ వయసెంతని ఉందండీ?"

"ఆ రోజుల్లో వయసులు సరిగ్గా ఎవరు రాశారు? నోటికొచ్చింది రాసేవాళ్ళు."

"ఎంతని ఉంది?"

"ఇరవై రెండు."

"ఆమె పెద్దకొడుకుకి?"

"ఒజెల్లా..."

"చదివారు కదండీ."

"తొమ్మిది."

"తీసివేత నాక్కూడా వచ్చు. మూడో తరగతి పిల్లలకి చాలా ఏళ్ళు చెప్పాను."

"పదమూడు. తెలుసు. నాకు తెలుసు."

"తెలిసే ఆ మాట చెక్కించారా?"

"ఇంకేం చెక్కించను? పిల్లలొచ్చి చదివే చోటు అది. తలెత్తుకుని చదవాలి కదా."

"ఎవరి పిల్లలండీ?"

"అందరి పిల్లలూ."

"మా పిల్లలేం చదవాలో ఆలోచించారా? అరవై మంది వచ్చారు, ఆయన పేరు వీపున మోసుకుంటూ. మా అమ్మ బతికుండగా ఆ పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. ఎత్తితే నోరు కడుక్కోమనేది. డారియస్‌కి ఆ సంగతి చెప్పలేకపోయాను. ఎప్పుడూ లేనిది, మనకీ ఒక కొమ్మ ఉంది పెద్దమ్మా అని వాడు అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. అది నా తప్పు."

"మీ తప్పు కాదు. నేను... నేను మంచి చేస్తున్నాననుకున్నాను. నిజానికి నా మనసులో బరువు దింపుకుంటున్నాను కాబోలు. మిమ్మల్నడగలేదు. పుస్తకాలన్నిటినీ అడిగాను గానీ మిమ్మల్నొక్క మాట అడగలేదు."

"ఇప్పుడు మీరు అంటున్నారు నన్ను."

"ముందే అనాల్సింది. నాకంటే పెద్దవారు. రేపు గుడ్డ తీయనివ్వను. రాయి వెనక్కి పంపించేస్తాను, ఊళ్ళో నవ్వుకుంటే నవ్వుకోనీ."

"మీ తమ్ముళ్ళకి పండగ."

"పండగే చేసుకోనివ్వండి. హెస్టర్‌కి విడిగా ఒక రాయి చేయిస్తాను, ఆమె పేరొక్కటే. మీరు ఏం రాయమంటే అది. ఆమె సమాధి ఎక్కడో తెలిస్తే చాలు. ఎంత వెతికానో. బానిసల సమాధుల మీద నాటే నీలం పూల తీగ కనపడిన ప్రతిచోటా, ఇనప చువ్వతో నేల పొడిచి మరీ వెతికాను."

"వెతికారని తెలుసండీ. మా చెల్లెలు చూసింది మిమ్మల్ని, వాగు గట్టున."

"వాగు గట్టునా? అయితే అక్కడేనా... మీకు తెలుసా?"

"మా ఆడవాళ్ళందరికీ తెలుసు. తల్లి తీసుకెళ్ళి కూతురికి చూపిస్తుంది. ఏటా వెళ్ళి గడ్డి పీకి వస్తాం."

"ఏటా వెళ్తారా? మరి ఇన్నేళ్ళూ ఒక రాయైనా లేకుండా... తాహతు లేక వదిలేశారనుకున్నాను. అలాగే రాసుకున్నాను కూడా."

"తాహతు లేని రోజులు ఉన్నాయి, కాదనను. కానీ రాయి పెట్టనిది అందుక్కాదు."

"మరెందుకు?"

"చచ్చాకైనా నన్ను ఆయన పక్కన చేర్చనివ్వొద్దని మా అమ్మమ్మ చేత ఒట్టు వేయించుకుని పోయిందండీ హెస్టర్. రాయి పెడితే మీవాళ్ళు చదువుతారని పెట్టలేదు."