బొమ్మ తిప్పకముందే

నలభైకి ముప్ఫై ఆరు అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందమ్మా? కోప్పడడం లేదు, అడుగుతున్నానంతే. బల్లకి ఇటు నువ్వు, అటు మా అన్నయ్య. గొడుగు బొమ్మ ఉన్న అట్టని నువ్వింకా తిప్పనేలేదు. బొమ్మ కిందికే ఉంది. అన్నయ్య "గొడుగు" అన్నాడు.

చూశావా, లేదా? చూశావు. నీ పెన్ను ఒక్క క్షణం ఆగింది. అద్దం తలుపు అవతల నిలబడి నేనూ చూశాను. ఆగి, మళ్ళీ టిక్కు పెట్టేసింది.

అవునులే, నువ్వు మాత్రం ఏం చేస్తావు. "జవాబు సరైనదైతే మార్కు వెయ్యండి, మీ అనుమానాలు మీ దగ్గర పెట్టుకోండి" అని క్లాసులో నీకు చెప్పింది నేనే. ఈ ప్రశ్నలు తయారుచేసింది నేనే. మొదటిసారి వచ్చిన మార్కుల కన్నా కనీసం ఎనిమిది తగ్గితేనే సంరక్షణ గృహంలో చోటు అని కమిటీలో రాసిందీ నేనే. తన గొయ్యి తాను తవ్వుకున్న మనిషిని చూసి ఎవరూ జాలిపడరమ్మా. ఎంత లోతు తవ్విందో చూద్దామని టేపు పట్టుకుని వస్తారు.

కూర్చో. ఆ తలుపు దగ్గరికి వెయ్యి. అన్నయ్య అమ్మ దగ్గర బిస్కెట్లు తింటున్నాడు, ఓ పావుగంట దాకా నన్ను అడగడు.

ఏమిటి, రెండు గంటలకి సంరక్షణ గృహం జాబితా మూసేస్తారా? తెలుసు. అందుకే కూర్చోమంటున్నాను.

మన విభాగంలో సగం మంది ఆటిజం ఉన్న చిన్నపిల్లల మీద పనిచేస్తారు. నేనేమో ఎవరికీ అక్కర్లేని ప్రశ్న ఒకటి పట్టుకున్నాను. పుట్టుకతోనే బుద్ధి నెమ్మదిగా ఎదిగినవాళ్ళకి నలభై దాటాక మతిమరుపు జబ్బు వస్తే, వచ్చిందని తెలిసేదెలా? లెక్కలు వచ్చినవాడు లెక్క తప్పితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఎన్నడూ లెక్క రానివాడు ఇంకొంచెం తప్పితే ఎవరు పట్టించుకుంటారు? అందుకని, బాగున్నప్పుడే ఒకసారి కొలిచి పెట్టుకోవాలి, తరవాత ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చాలి అన్నాను. మంచి మాటే కదా? ఇప్పటికీ మంచి మాటే.

ఆ మంచి మాట ప్రకారం మా అన్నయ్య పన్నెండేళ్ళ కిందట ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు. అప్పుడు ముప్ఫై ఏడు, ఇప్పుడు ముప్ఫై ఆరు.

ఇంట్లో ఎలా ఉన్నాడో చెప్పనా? చొక్కా మీద చొక్కా తొడుక్కుంటాడు. కుళాయి తిప్పుతాడు, కట్టడం రాదు, ఆ నీళ్ళ చప్పుడుకే భయపడి అమ్మని పిలుస్తాడు. పోయిన నెల వీధి తలుపు తీసుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాడు. లారీ నడిపే ఆయనెవరో బండి ఆపి, చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పాడట, "ఈయన మీవాడా, మీవాడా" అని అడుగుతూ. ఆ రోజు నుంచీ అమ్మ తన మణికట్టుకీ అన్నయ్య మణికట్టుకీ కలిపి ఒక గుడ్డపీలిక కట్టుకుని పడుకుంటోంది. అన్నయ్య లేస్తే తానూ లేవాలి. డెబ్బై ఒకటి ఆవిడకి, మోకాళ్ళు రెండూ పోయాయి.

నిన్న నాతో ఏమందో తెలుసా? "నీ పరీక్షలో వాడెప్పుడూ పాసే తల్లీ. నా వంటింట్లోనే ఫెయిలవుతున్నాడు."

మా అమ్మమ్మ ఒక కథ చెప్పేది. ఎలుగుబంటి దర్జీ ఇంటికి సూది అరువడగడానికి వస్తుంది. దర్జీ కూతురు సూదికి ఎర్ర దారం ఎక్కించి, తలుపు సందులోంచి ఇస్తుంది. దారం ఉండ మాత్రం తన గుప్పిట్లోనే ఉంచుకుంటుంది. మర్నాడు ఆ దారం వెంట నడిచి వెళ్ళి ఎలుగు గుహ కనిపెడుతుంది. అమ్మమ్మ కావాలని "నల్ల దారం" అనేది. అంతే, అన్నయ్య అన్నం ముందు నుంచి లేచి వచ్చేసేవాడు. "ఎర్ర. ఎర్రదే. మళ్ళీ మొదట్నించీ చెప్పు." వేరే ఏది తప్పినా తప్పేవాడు గానీ ఆ దారం దగ్గర ఎవరూ తనని బోల్తా కొట్టించలేకపోయారు.

పోయిన చలికాలం నేను నల్ల దారం అన్నాను. తల ఊపాడు. ఎలుగుకి సూది బదులు గొడ్డలి ఇచ్చేశాను. తల ఊపాడు. "కథ బాగుందా అన్నయ్యా" అంటే, "బాగుంది" అన్నాడు, మర్యాదగా, పరాయివాళ్ళతో అన్నట్టు.

ఆ రోజే నాకు తెలిసిపోయింది. ఏం లాభం? నీ కాగితంలో ఎలుగుబంటికి గడి లేదు కదా.

మరి మార్కులెందుకు తగ్గలేదని నువ్వడగవేం? అడగవు. మేడమ్‌ని ఎలా అడుగుతాం అని నీ మొహమాటం. నేనే చెబుతాను, విను.

నేను చదువుకునే రోజుల్లో, బయట కుటుంబాల దగ్గరికి వెళ్ళేముందు చెయ్యి తిరగాలి కదా అని, ఆదివారాలు వంటింటి బల్ల మీద అన్నయ్యకే ఈ పరీక్ష పెట్టేదాన్ని. తప్పు చెబితే నా మొహం చూసే తనకి తెలిసిపోయేది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయేవి. నేను చూడలేకపోయాను. "తాళం, దువ్వెన, చెంచా, గొడుగు, గంట" అని ముందే చెప్పేసి, తరవాత అడిగేదాన్ని. చెప్పేవాడు. "రైటా? రైటేనా?" అనేవాడు. రైటు అంటే ఇల్లంతా తిరిగి వచ్చేవాడు. ఆ నవ్వు కోసం వారం వారం నేర్పాను. మిగతా ప్రశ్నల జవాబులూ, అట్టల వరసా, అన్నీ వచ్చేశాయి.

తరవాత పరిశోధనలో తననీ చేర్చారు. పదిహేడో నంబరు. సొంతవాళ్ళని సొంతవాళ్ళు పరీక్షించకూడదని వేరేవాళ్ళు పెట్టారు. అంతా నియమం ప్రకారమే. ఆదివారాలు మీ ఇంట్లో ఏం జరుగుతుందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. అందరి మార్కుల గీతలూ కిందికి వంగాయి, పదిహేడో గీత వంగలేదు. మా గైడు పెద్దాయన దాని మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు వంగలేదో అదే నీ పరిశోధన" అన్నాడు. "ఇంట్లో చెల్లెలు సాధన చేయిస్తుంది" అని రాశాను. అబద్ధం కాదు కదా? సాధనే. ఏం సాధనో రాయలేదు.

ఆ వాక్యంలోంచి పుట్టిందే మన "రోజుకో పేజీ" పుస్తకం. నువ్వే ఎన్ని ఇళ్ళకి మోసుకెళ్ళి ఇచ్చావో. అందులో ఇలాంటి బొమ్మలే, ఇలాంటి వరసలే. ఆ ఇళ్ళవాళ్ళకీ మార్కులు నిలబడ్డాయి. నిలబడక ఏం చేస్తాయి? అందరం చప్పట్లు కొట్టుకున్నాం. మార్కులు తగ్గలేదు కాబట్టి వాళ్ళకీ ఎక్కడా చోటు దొరకదు. ఆ ఇళ్ళల్లో ఎందరు తల్లులు మణికట్టుకి పీలిక కట్టుకుని పడుకుంటున్నారో, నువ్వు లెక్కపెట్టగలవా?

దారి లేదని కాదు. బి పత్రం ఉంది. వేరే బొమ్మలు, వేరే ప్రశ్నలు. అది పెడితే అన్నయ్యకి పది కూడా రావు, ఇవాళే చోటు దొరుకుతుంది. కాకపోతే ఇవాళ నువ్వు పెట్టిన ఎ పత్రం ఎందుకు పనికిరాకుండా పోయిందో కారణం రాయాలి, కింద పరిశోధకురాలి సంతకం ఉండాలి, ఒక నకలు కమిటీకి వెళ్ళాలి.

ఏమిటీ? అట్టలు తడిసిపోయాయని రాద్దామా?

అబ్బ, ఎంత శుభ్రంగా ఆడుతున్నావమ్మా అబద్ధం. నా దగ్గర చదువుకున్నదానివే. వద్దు. అట్టలు తడిశాయంటే మా అన్నయ్య ఒక్కడే బయటపడతాడు. పుస్తకం రేపు కూడా ఇళ్ళకి వెళుతుంది. అదీగాక నీ ఉద్యోగం ఎందుకు నా బురదలోకి?

అలా చూడకు. పాపం, చిన్నప్పుడు ప్రేమకొద్దీ చేసిన పొరపాటు అనుకుంటున్నావు, నీ మొహమే చెబుతోంది. నేనూ నాకు అలాగే చెప్పుకుంటూ వచ్చాను. కానీ పోయిన ఏడాది అన్నయ్య దువ్వెన మరిచిపోయాడు. తరవాత గంట పోయింది. తరవాత చెంచా. చోటు దొరుకుతుందని నేను సంతోషించాలి కదా? ఏం చేశానో తెలుసా? అలమరలోంచి పాత అట్టలు తీశాను.

మళ్ళీ ఆదివారాలు. ఈసారి తను నవ్వలేదు. బల్ల దగ్గరికి రాననేవాడు, కాళ్ళతో తన్నేవాడు. "వాణ్ణెందుకే ఇంకా వేపుకు తింటావు" అని అమ్మ అరిచేది. తన మంచికే అన్నాను. ఒకపక్క చోటు కోసం దరఖాస్తు నింపుతున్నాను, ఇంకోపక్క గీత వంగకుండా పట్టుకుంటున్నాను. రెండు చేతులూ నావే. ఏ చేతికి ఏది కావాలో ఇప్పటికీ చెప్పలేను.

సరే, కాగితం ఇటు తిప్పు. నేను చెబుతాను, నువ్వు రాయి. కారణం: జవాబులు ముందే నేర్పించారు. నేర్పించినవారు: పరిశోధకురాలు. బంధుత్వం: చెల్లెలు. ఎప్పటి నుంచి అన్న గడిలో, మొదటి పరీక్షకి ముందు నుంచీ అని రాయి.

ఎప్పటి దాకా అన్న గడిలో పోయిన ఆదివారం అని...

కాదు, ఆగు. కొట్టెయ్యి. ఇవాళ పొద్దున అని రాయి. ఇక్కడికి వస్తున్న బస్సులో. అమ్మ కిటికీకి తల ఆనించి కునుకు తీస్తోంది, అన్నయ్య చెవిలో చెప్పాను, ఆ ఐదు బొమ్మల పేర్లూ, రెండుసార్లు.

రాశావా? ఇటివ్వు. సంతకం ఎక్కడో చూపించనక్కర్లేదులే, ఆ ఫారం కూడా నేను తయారుచేసిందే.