గుయ్‌మనే పెట్టె కావాలండీ

సభకు పెద్దగా కూర్చున్న మా గుడి విచారణ గురువులు ఫాదర్ క్రీస్తుదాసు గారికి, మామిడి కోతల రోజుల్లో కూడా ఆదివారం పొద్దున నన్ను చెట్టు దించి గుడికి పంపిన మా తోట ఆసామి బసవపున్నారావు గారికి, ముందు వరసలో కూర్చుని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటున్న మా ఇన్నమ్మక్కకి, గాయక బృందంలో అందరికీ, భోజనాల వాసన వస్తున్నా లేవకుండా కూర్చున్న చాట్రాయి పెద్దలకూ పిల్లలకూ వందనాలు.

(నవ్వులు)

నాకు మాట్లాడటం రాదు. అయిదో తరగతితో బడి ఆగింది, మాట అంతకు ముందే ఆగింది. ముప్పై ఎనిమిదేళ్ళు గిటారు పట్టుకుని ఈ గుళ్ళో ఓ మూల నిలబడ్డానంటే సగం భక్తి, సగం ఏమిటంటే చేతిలో గిటారు ఉన్నవాణ్ణి ఎవరూ నాలుగు మాటలు చెప్పమని అడగరు. ఇవాళ చేతిలో అది లేదు, దొరికిపోయాను. అందుకని నాలుగు రోజులు కూర్చుని ఈ కాగితాలు రాసుకొచ్చాను. తల ఎత్తకుండా చదువుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ శాలువా కూడా కాసేపు కుర్చీ మీద పెడతానండీ, ఎండ ఇంకా తగ్గలేదు.

ఎడమచేతి ఉంగరపు వేలు ముడుచుకోవడం మానేసింది కాబట్టి నేను గిటారు మానేస్తున్నాను. దానికి బాధ లేదు. బాపులపాడు బళ్ళో టీచరుగా చేస్తున్న మా అన్న కూతురు షాలోమి నాకంటే బాగా వాయిస్తుంది. కానీ ఈ కాగితాల్లో ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. పాపసంకీర్తనంలో చెప్పుకుంటే ఫాదర్ గారు, "నాకు చెప్పావు సరే, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు" అన్నారు. అది మా ఇన్నమ్మక్కకి చెప్పాల్సినది.

(ముందు వరసలోంచి ఇన్నమ్మ గారు: "ఏంట్రా అది?" నవ్వులు)

వస్తున్నానక్కా. వరసలో చదవకపోతే నాకు దారి తప్పుతుంది.

నూజివీడులో ఓ ఆర్కెస్ట్రా పార్టీ విడిపోయినప్పుడు వాళ్ళ ఎలక్ట్రిక్ గిటారునీ, ధాన్యం బస్తా అంత నల్ల ఆంప్లిఫయర్‌నీ అప్పటి ఫాదర్ గారు మన గుడికి తెచ్చారు. ఆ పార్టీ ఆయన ఓ పూట నన్ను కూర్చోబెట్టి వేళ్ళతో తీగలు నొక్కి పట్టే కార్డులు అయిదు నేర్పాడు. ఆ అయిదే ఇన్నేళ్ళూ వాయించాను, ఆరోది మొన్న షాలోమి నేర్పింది. తీగలు ఎలా బిగించాలో చూపించాడు గానీ, దేన్ని విని దానికి సరిగ్గా బిగించాలో చెప్పలేదు. చెప్పాడేమో కూడా, మళ్ళీ అడగడానికి నేను సిగ్గుపడ్డాను.

ఆ ఆంప్లిఫయర్ స్విచ్ వేయగానే గుయ్‌మనేది, మీరందరూ విన్నదే. ఓ ఆదివారం కింది నుంచి మూడో తీగ బిగిస్తూ ఉంటే, ఒకచోట ఆ తీగా ఆ మోతా ఒకే చెట్టు కాయలు ఒక బుట్టలో ఒదిగినట్టు ఒదిగిపోయాయి. అంతే. ఆ రోజు నుంచి నా గిటారు ఆ మోతకే బిగించాను. మీరు నన్ను గిటారు మాస్టారు సలోమోను అన్నారు. మాస్టారికి శ్రుతి చెప్పిన గురువు గోడలో కరెంటండీ.

(నవ్వులు)

మెకానిక్ కొండయ్య ఈ హాల్లోనే ఉన్నాడు. ఏటేటా వచ్చి, "కండెన్సర్ మారిస్తే ఆ మోత పోతుంది మాస్టారూ, ఓ గంట పని" అనేవాడు. వద్దులే కొండయ్యా, వద్దులే అనేవాణ్ణి. నా పని మీద నమ్మకం లేదు మీకు అని అలిగి రెండేళ్ళు మాట్లాడటం మానేశాడు. ఇదీ సంగతి కొండయ్యా, మన్నించు. గుళ్ళో కీబోర్డు వాయించడానికి ఓ తమ్ముడు వచ్చాడు, గుర్తుందా? నాలుగు ఆదివారాలు నా గిటారుతో కలవక చెమటలు కక్కి, మీ ఊరి గాలిలోనే ఏదో తేడా ఉందండీ అని వెళ్ళిపోయాడు. ఆ తేడా గాలిది కాదు, నాది.

ఇంక ఇన్నమ్మక్క. పూజ మొదట్లో ప్రవేశ గీతం ఎత్తుకోవడం అంటే ఈ గుళ్ళో అక్కే. నేను ముందు ఒక్క తీగా మీటేవాణ్ణి కాదు. ఫాదర్ గారు గుమ్మం దగ్గరికి రాగానే అక్క కళ్ళు మూసుకుని అందుకునేది, ఆమె ఎక్కడ అందుకుంటే నా మూడో తీగ అక్కడే ఉండేది. నాకు అది ఆశ్చర్యంగా ఉండేది, కానీ అడగలేదు. కరెంటు పోయిన ఆదివారాల్లో మాత్రం అక్క, "ఇవాళ నాకు పాట రావట్లేదు, మీరే ఎత్తుకోండి" అనేది. ఇన్నమ్మ కరెంటుతో పాడుతుందర్రా అని మీరందరూ ఏడిపించారు. నేనూ నవ్వాను. మీరు ఎగతాళికి అన్నది అక్షరాలా నిజమని నాకు అప్పుడు తట్టలేదు.

ఈ ఏడు ఈస్టరు అయిన వారానికి ఆంప్లిఫయర్ కాలిపోయింది. పొగ చూసి కొండయ్య చేతులెత్తేశాడు. గాయక బృందం వాళ్ళు ఫోన్లో వీడియోలన్నీ చూసి, ఇంక ఆంప్లిఫయర్ ఎందుకు, మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొందాం అన్నారు. కాలితో నొక్కే పెట్టె. లోపల నిజం ఆంప్లిఫయర్ ఒక్కటీ ఉండదు, రెండు వందల ఆంప్లిఫయర్ల గొంతులు ఉంటాయి. ఏ పేరు నొక్కితే ఆ గొంతుతో పలుకుతుంది, నేరుగా గుడి మైకు సెట్టుకే తగిలించుకోవచ్చు. విజయవాడ నుంచి అన్నిటికంటే పెద్దది తెచ్చారు. పదిహేను రోజుల్లో నచ్చకపోతే మార్చుకోవచ్చని షాపు వాళ్ళ మాట. తీగ సరిగ్గా బిగిసిందో లేదో అదే అంకెల్లో చూపిస్తుంది, షాలోమి దాని ప్రకారం బిగించింది. ఆదివారం స్విచ్ వేశాం. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మోత రాకుండా ఆపే గేటు అందులోనే ఉందట. అందరూ మెచ్చుకున్నారు.

ఫాదర్ గారు గుమ్మం దగ్గరికొచ్చారు. అక్క కళ్ళు మూసుకుంది. అందుకుంది.

అక్క ఎత్తుకున్న శ్రుతి ఏ తీగలోనూ లేదు. రెండో చరణానికి తనే ఆపేసింది. మరుసటి ఆదివారం ఇంకోచోట ఎత్తుకుంది, అదీ కుదరలేదు. అప్పుడు తన పాటల పుస్తకం షాలోమి చేతిలో పెట్టి, "వయసు తినేసిందమ్మా. గొంతు పోయింది" అంది.

అక్కా, నాకు మొదటి ఆదివారమే తెలిసింది. నీ గొంతు పోలేదు, మోత పోయింది. నేను తీగ బిగించుకున్న మోతలోనే నువ్వు పాట వెతుక్కునేదానివి, ఇన్నేళ్ళూ, నీకే తెలియకుండా. ఆ మాట అక్కడికక్కడే చెప్పాలి. కానీ అది చెబితే నా మాస్టారుతనం ఏంటో కూడా చెప్పాలి కదా. అందుకని నోరు మూసుకున్నాను. నువ్వు శొంఠి కషాయం తాగుతూ కూర్చున్నావు, నేను చూస్తూ కూర్చున్నాను. అదీ నా తప్పు.

పదమూడో రోజున షాలోమికి మాత్రం చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "పద బాబాయ్, గడువు రెండు రోజులే ఉంది" అని గిటారుతో, ఆ పెట్టెతో సహా నన్ను బస్సెక్కించింది. షాపులో సుభాష్ అనే కుర్రవాడు, మంచివాడు, "ఏ స్టైల్ వాయిస్తారు మాస్టారూ, రాకా, మెటలా?" అన్నాడు.

"ఆదివారం పూజలో వాయిస్తానండీ" అన్నాను.

"మరి ఈ పెట్టెకేమైందండీ?"

"గుయ్‌మనే పెట్టె కావాలండీ."

నా వంక చూసి షాలోమి వంక చూశాడు. "ఆ మోత వదిలించుకోడానికే అందరూ మా దగ్గరికొస్తారండీ" అన్నాడు. మేం తెచ్చిన దాంట్లో ఆ గేటు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదట. ఇంకోటి తీశాడు. అందులో పాత ఆంప్లిఫయర్ల మోత కూడా కావాలని పెట్టి, ఎక్కువా తక్కువా చేసుకోడానికి ఏర్పాటు చేశారండీ! నేను సిగ్గుపడి దాచుకున్నదాన్ని ఎవరో పని గట్టుకుని తయారు చేశారంటే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. కానీ విని, నోట్లోనే ప్రవేశ గీతం అందుకుని చూస్తే పైకెక్కడో ఉంది, అక్క అక్కడికి ఎక్కడం కష్టం. "అది చేసినవాళ్ళ దేశంలో కరెంటు మనకంటే వేగంగా ఊగుతుంది బాబాయ్, మోత అందుకే ఎత్తు" అంది షాలోమి. మోతకి కూడా ఊరు ఉంటుందని అప్పుడే తెలిసింది.

చివరికి కింది అరలోంచి చిన్నది తీశాడు. గొంతులు ముప్పయ్యే, మెరిసే తెర లేదు, ఎవరూ అడగరట. దాంట్లో గేటు పూర్తిగా తీసేయొచ్చు. తీసేసి మన గిటారు తగిలించాడు. గోడల్లో మన కరెంటునే మన గిటారు పట్టుకుని, సన్నగా, గుయ్‌మంది. మూడో తీగ కాస్త బిగించి మీటాను. ఒదిగింది. తోటలో కాయ చెట్టు మీద ఉండగానే చెప్పేస్తాను ఏది రసమో ఏది పీచో, అంత గట్టిగా చెప్పాను: "ఇదేనండీ."

"రెండు వందల గొంతులు ఇచ్చేసి ముప్పై తీసుకుంటారా మాస్టారూ?" అన్నాడు సుభాష్.

"మాకు కావాల్సింది ఒక్క గొంతే బాబూ" అన్నాను.

షాలోమి లెక్క చూసింది. ప్రపంచమంతా శ్రుతిని సెకనుకి నాలుగు వందల నలభై కంపనాలకి బిగిస్తే, మన గుడి ఇన్నేళ్ళుగా నాలుగు వందల నలభై తొమ్మిదికి పాడుతోందట. ఆ అంకె పెట్టె అడుగున ప్లాస్టరు మీద రాసి అంటించింది. ఆ ఆదివారం అక్క అందుకుంది, మీరు విన్నారు. శొంఠి పనిచేసిందని అందరికీ చెప్పుకుంది. నేను అప్పుడూ నోరు మూసుకున్నాను.

ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, "సలోమోనుతో పాటే నేనూ మానేస్తాను, ఒకసారి మోసం చేసిన గొంతుని ఇంక నమ్మను, ఇవాళ పాడేదే ఆఖరు" అని అక్క ఊరంతా చెప్పింది. అది నా వల్ల జరగకూడదు.

(కాగితాలు మడిచి)

అయిపోయిందక్కా. ఏమైనా అను.

(ఇన్నమ్మ గారు: "రెండు వారాలు శొంఠి తాగించావు కదరా, సచ్చినోడా!" నవ్వులు. తర్వాత మెల్లగా: "అయితే నా గొంతు పోలేదా?")

పోలేదక్కా. నీది ఏనాడూ పోలేదు. లేనిది నాకే.

(చప్పట్లు. బసవపున్నారావు గారు: "ఇవాళ వచ్చిందిగా సలోమోనూ!")

వచ్చిందండీ, కాగితం మీద.

ఫాదర్ గారికి, బసవపున్నారావు గారికి, కొండయ్యకి, నన్ను ఇన్నాళ్ళు మూల నిలబడనిచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ముగింపు పాట ఉంది. నేను కింద మీ మధ్య కూర్చుని వింటాను, అలా విని ముప్పై ఎనిమిదేళ్ళయింది. షాలోమీ, స్విచ్ వెయ్యమ్మా.

ఆ... అదిగో, వస్తోంది.

అక్కా, అందుకో. నాకు సెలవు.