గీవీ కరపత్రంలో నా మొహం

ఆ కవర్లోనే ఉంటాయి చూడు శ్రేయమ్మా, ఇక్కడుండే పర్మిట్టు, ఇఖామా రెన్యూవల్‌కి పనికొచ్చే ఫొటోలు. అది కాదమ్మా. నవ్వుతావేంటి, ఆ లుంగీ మీదున్నది నేనే, చేతిలో కోడికాలు కూడా నాదే. ఆ అక్షరాలా? గుండ్రంగా ఉన్నాయి గానీ తెలుగు కాదు, జార్జియా వాళ్లవి. అమెరికాలోది కాదు, రష్యావాళ్ల నుంచి విడిపోయిందే, ఆ దేశం. గీవీ అని సబ్హాన్ ఏరియాలోని మా వర్క్‌షాపులో మెకానిక్కు ఉండేవోడు. వాళ్ల పార్టీ కరపత్రం అది.

పార్టీ అంటే పెద్దదేం కాదు, ఓ నాలుగూళ్లలో జెండాలుంటే గొప్ప. 'నేల మనదే' అని పేరు. బయటోళ్లకి సెంటు భూమి అమ్మకూడదు, వచ్చినోళ్లని పంపించెయ్యాలి, అదీ వాళ్ల మాట. ఈ గీవీ ఎనిమిదేళ్లు నా పక్క మంచమ్మీద పడుకున్నాడు. నేను లేతు మిషను, అతను లారీ ఇంజన్లు. నా చేపల పులుసు కళ్లనీళ్లు కారుస్తా తినేవోడు, మళ్లీ గిన్నె చాపేవోడు. ఓసారి మా అరబ్బు యజమాని, ఆ కఫీల్, సెలవివ్వనంటే, పరాయోళ్లమనేగా మనతో ఇలా ఆడుకుంటున్నారు అని స్పానర్లన్నీ విసిరేశాడు. మా మేస్త్రి రామసుబ్బయ్య అవన్నీ ఏరుకుంటా, మీ పార్టీ మాట కూడా ఇదే కదయ్యా అన్నాడు. గీవీ టీ తాగాడు.

రెండువేల పదకొండులో గీవీ ఊరెళ్లిపోతా, మా దగ్గర సగం పొలాలు బీడే ఏడుకొండలూ, నువ్వొచ్చి కౌలుకి చేసుకో, తర్వాత కొనుక్కో అన్నాడు. మా నాన్న బతుకంతా ఒకరి చేలో కౌలు చేసినోడు. ఆ మాట నా బుర్రలో కూర్చుండిపోయింది. మరుసటేడు సెలవు పెట్టాను, టిక్కెట్టు కొన్నాను, ఇక్కడి హవల్లీ బజార్లో ఈ స్వెట్టరు కూడా కొన్నాను. ఇంకో వారం ఉందనగా ఈ కాయితం. వర్క్‌షాపుకొచ్చే ఇంకో జార్జియా అతను నా చేతిలో పెట్టి తల తిప్పేసుకున్నాడు. మన పంజాబీ రైతులు కొందరు అక్కడ పొలాలు కొంటున్నారంట. ఎలచ్చన్లొచ్చాయి, గీవీ కేండిడేటు. భూమి లాక్కునే ఇండియావోడు ఎలా ఉంటాడో జనానికి చూపించాలిగా. చూపించారు.

ఫోన్ చేశాను. "నీ మీద కోపంతో కాదు ఏడుకొండలూ. పార్టీవాళ్లు ఫొటో అడిగారు. నా దగ్గర ఇండియావోడి ఫొటో నీదొక్కటే ఉంది" అన్నాడు.

"మరి మొహం నాదే కదా గీవీ" అన్నాను.

రావద్దన్నాడు. ఊరంతా నిన్ను గుర్తుపడతారన్నాడు. ఖలాస్. ఏసీ ఎక్కువైనప్పుడు ఆ స్వెట్టరు వేసుకుంటున్నాను.

గెలవలేదులే. అరవై ఒక్క ఓట్లు. పార్టీవాళ్లు మళ్లీ ఆ ఊరివైపు రాలేదు. రెండేళ్లకి గీవీ ఫోను. ఇక్కడ పనిలేదు, నన్ను మళ్లీ తీసుకోమని కఫీల్‌తో ఓ మాట చెప్పు, నువ్వు చెబితే వింటాడు అన్నాడు. చూస్తాలే అన్నాను. నువ్వయితే కాలేజీ డిబేట్లలోలాగ ముందు ఆ ఫొటో గురించి కడిగేసేదానివి. నాకు అదీ రాదు. రోజూ కఫీల్ ఎదురుగానే తిరిగాను, అడగలేదు. నాలుగు నెలలు. రంజాన్‌లో ఆయన కులాసాగా ఉన్న రోజు చూసి చెప్పాను. రెండు నిమిషాలు పట్టలేదు, సరేనన్నాడు. వీసా కాయితం చేతికొచ్చాక ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. ముందు వారమే పోయాడంట. ఎవరిదో తోటలో ద్రాక్ష కోతకి కూలికెళ్లి, గుండె ఆగి.

కరపత్రం మడతలో అరబ్బీది ఇంకో కాయితం ఉందే, అదే ఆ వీసా. ఆ రెండూ విడదీయకు, కలిపే పెట్టు.

ఊఁ... ఏవన్నావ్, ఇఖామా ఫొటోకి వెనకాల నీలం రంగుండాలా, తెలుపా?