బెల్లీ డాన్సులో బతుకమ్మ

నల్గొండలో బెల్లీ డాన్సు క్లాసు వదిలాక, షేరాటోలో వదినా మరదళ్లిద్దరు. మరదలి చెప్పులింకా చేతిలోనే ఉన్నాయి.

“వచ్చే ఆదివారం నుంచి నేను రాను వదినె. నువ్వొక్కదానివే తిప్పుకో నడుము.”

“గదేంది? నెల దినాల సంది మంచిగనే చేస్తున్నవ్ గద!”

“వెనక నిలబడి, ముందటామెను చూసి చేసిన. ఇయ్యాల నన్నే ముందట నిలబెట్టిరి. ముందుగాల అనుకున్న స్టెప్పులుండవాయె, ముందటోళ్లు ఏది చేస్తే వెనకోళ్లు గదే చెయ్యాలాయె. నాకు నడుము తిరగలే గాని తల తిరిగింది.”

“అయితే?”

“అలవాటు కొద్ది వంగి, చప్పట్లు కొట్టి బతుకమ్మ ఆడిన. పాట ఆగంగనే సిగ్గుతోని ఉరికొచ్చిన.”

“వెనక్కి తిరిగి చూడకపోతివి! నువ్వు వంగితే నేను వంగిన. నాతోని అందరు వంగిండ్రు.”

“మేడం తిట్టిందా?”

“బెంగళూరామె గదా, ఆమె గూడ వంగింది. చప్పట్లే కుదరలే. తనకు నేర్పెతందుకు నిన్ను జర ముందుగాల రమ్మన్నది.”

మరదలు చెప్పులు తొడుక్కుంది.

“ఎన్నింటికి రమ్మన్నది?”